నా గ్లాసు, నీ కప్పు

సూర్యాపేట,
ఏప్రిల్ 19

సుకన్యకు,

ఈ ఉత్తరం ఇప్పుడే రాయక తప్పలేదు. మిర్యాలగూడ హాస్టల్ వార్డెన్ ఉద్యోగం నా చేతిదాకా వచ్చి ఆగిపోయింది. ఆగిపోవడానికి కారణం మనిద్దరం మీ మామయ్య లాంజ్‌లో కూర్చున్న ఆ సాయంత్రం. అప్పుడు నా గ్లాసులో ఏముందో తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. ఫోన్ చేస్తే మీ ఆడబిడ్డ కావ్య ఎత్తుతుంది. వాట్సాప్ పెడితే నీకంటే ముందు ఆమే చదువుతుంది. అందుకే మీ టైలర్ మంగమ్మ షాపు అడ్రసుకు రాస్తున్నాను. జాకెట్లతో పాటు ఇది కూడా నీకు అందుతుందని నమ్మకం.

నీకు గుర్తున్నదో లేదో గాని నాకైతే ప్రతిదీ గుర్తుంది. జీవితంలో మొదటిసారి అలాంటి చోట కూర్చున్నదాన్ని కదా. వార్డెన్‌గా ఎంపికయ్యానని చెప్పగానే "దావత్ నాది" అన్నావు. బైపాస్ పక్కన నీలం లైట్లు, గోడంత టీవీలో క్రికెట్, కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలే మెత్తటి సోఫాలు. ఫ్యామిలీ సెక్షన్‌లో కర్టెన్ వేసిన క్యాబిన్. వెయిటర్ అంజన్న వచ్చి "స్టఫ్ ఏం తెమ్మంటరు మేడం?" అంటే నేను నీ మొహం చూశాను. తాగేదాని పక్కన తినేదాన్ని స్టఫ్ అంటారని బీఈడీలో మనకెవరూ చెప్పలేదు. నువ్వు అపోలో ఫిష్, పల్లీ మసాలా, క్రిస్పీ కార్న్ అని గడగడా చెప్పేశావు. బ్లాక్‌బోర్డు ముందు నిలబడితే ఒక్క మాట రాని మనిషివి, మెనూ కార్డు చూడకుండా అప్పజెప్పావు.

నాకు యాపిల్ సోడా చెప్పావు. నీకు కాఫీ చెప్పావు.

సోడా పెద్ద పిడి ఉన్న గాజు గ్లాసులో వచ్చింది. బంగారం రంగు, పైన నాలుగు వేళ్ళ నురగ. కాఫీ సాసర్ మీద తెల్లటి పింగాణీ కప్పులో వచ్చింది. దాని మీద పువ్వు బొమ్మ. నువ్వు కప్పు ఎత్తగానే వాసన వచ్చింది. నేను ముక్కు మూసుకున్నాను. నువ్వు నవ్వి, "మా ఇంటి కాఫీ ఇంతే, ఓనర్ క్యాబిన్‌లో కాఫీ అంటే బీరు అని అంజన్నకు తెలుసు" అన్నావు. ఊళ్ళల్లోంచి వచ్చే పెద్ద మనుషుల భార్యలకు కూడా ఇదే మర్యాద అన్నావు. నేను అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

నాకు తినే ముందు ప్రార్థన చేసుకునే అలవాటు. నీకు తెలుసు, రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. నేను గ్లాసు పట్టుకొని, తల వంచి, కళ్ళు మూసుకున్నాను. సరిగ్గా అప్పుడే కర్టెన్ తీసుకొని వచ్చిన కావ్య ఫోటో కొట్టింది. కొట్టి స్టేటస్ పెట్టింది. "వదినా, వదిన ఫ్రెండూ ఫుల్ చిల్" అని రాసింది.

ఆ ఫోటో చూశావా? నువ్వు పద్ధతిగా కాఫీ తాగుతున్నావు. నేను బీరు గ్లాసు పట్టుకొని మత్తులో తూగుతున్నాను. ఎవరో దాన్ని దాచుకొని మా చర్చి సంఘం యూత్ గ్రూపులో వేశారు. అక్కడినుంచి హాస్టల్ నడిపే ట్రస్టు సెక్రటరీ ఏసుబాబు గారి ఫోన్‌లోకి చేరింది. నా ఆర్డర్ కాగితం ఆయన టేబుల్ డ్రాలో ఆగింది.

నిన్ను పెద్ద సాయం ఏమీ అడగను. ఏసుబాబు గారికి రెండు ముక్కలు రాయి. "దీవెన తాగింది యాపిల్ సోడా, నేను పక్కనే ఉన్నాను" అని చాలు. నీ కప్పు సంగతి రాయమనడం లేదు.

మా ఇంట్లో సంతకం పెట్టడం వచ్చిన మొదటి మనిషిని నేను. ఆరో తరగతి నుంచి ఆ హాస్టల్లోనే చదివాను. అక్కడ వార్డెన్ కుర్చీలో కూర్చోవడమంటే నాకేమిటో నీకు వేరే చెప్పాలా?

నీ
దీవెన

*

కోదాడ,
ఏప్రిల్ 27

దీవీ,

నీ కవరు మంగమ్మ జాకెట్ల మధ్య పెట్టి ఇచ్చింది. "మేడం గారూ, మీ జాకెట్ కన్నా ఈ కవరే టైటుగా ఉందండీ, ఏం కుక్కారో" అంది. చదువుతూ ఎంత నవ్వానో! ముక్కు మూసుకున్నావట. అపోలో ఫిష్ ప్లేటు మాత్రం మొత్తం నువ్వే ఖాళీ చేశావు, అది రాయలేదేం?

ఫోటో చూశాను. నిజం చెప్పాలంటే నువ్వు చాలా బాగున్నావు. పరమ శాంతంగా ఉంది మొహం. మా ఆయన రాకేష్ కూడా "మీ ఫ్రెండ్ భలే ఎంజాయ్ చేస్తోందిగా" అన్నాడు. ప్రార్థన అని చెప్తే నమ్మలేదు. ఎవరు నమ్ముతారు చెప్పు? నువ్వు ఎక్కడ పడితే అక్కడ కళ్ళు మూసుకుంటే ఎలా? బస్సులో పల్లీలు తినేముందు కూడా మూసుకుంటావు. కండక్టర్ నిద్రపోయావనుకొని స్టాపు దాటించిన రోజు మర్చిపోయావా?

ఇదంతా నువ్వు పెద్దది చేస్తున్నావేమో. వాళ్ళు అడిగితే "పొరపాటైంది, ఇంకోసారి వెళ్ళను" అనేసేయ్. వాళ్ళకు కావాల్సింది ఆ ఒక్క మాట. పెద్దవాళ్ళను సంతోషపెట్టడంలో నాకు ఇప్పుడు బాగా అనుభవం వచ్చింది. రోజుకు పది పొరపాట్లు ఒప్పుకుంటాను. అందులో ఒకటీ నేను చేసింది కాదు.

లేదంటే మామయ్యతో ఫోన్ చేయిస్తాను. ఆ హాస్టల్‌కు ఫ్యాన్లు ఇవ్వబోతున్నది ఆయనే కదా. ప్రభాకర్ గారి మాట అంటే ట్రస్టు వాళ్ళు లేచి నిలబడతారు. ఒక్క కాల్‌తో సెటిల్ చేసేస్తారు.

ఒకటి మాత్రం చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఉత్తరాల్లో ఆ మాట రాయకు. కాఫీ అని రాయి. నాకు అర్థమవుతుంది.

అమ్మా నాన్నా ఎలా ఉన్నారు? ఎండలు ముదిరాయి. మజ్జిగ తాగు.

నీ
సుకన్య

తాజా కలం: మామయ్య చలివేంద్రాలు పెడుతున్నారు, కోదాడలోనూ సూర్యాపేటలోనూ. ఫ్లెక్సీ మీద నా ఫోటో వేస్తారట. వచ్చే ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్ళకు వస్తుందని ఆయనకు గట్టి నమ్మకం. నేను కౌన్సిలర్! నవ్వుకో.

*

మాడుగులపల్లి,
మే 11

సుకన్యా,

నవ్వుకున్నాను. సూర్యాపేట బస్టాండ్ ఎదురుగా చలివేంద్రం దగ్గర నిలబడి, మీ మామయ్య గారి కుండలో నీళ్ళు ముంచుకొని తాగుతూ నవ్వుకున్నాను. మూడు ఊళ్ళకు మందు అమ్మే మనిషి ఎండాకాలం నీళ్ళు ఉచితంగా పోస్తున్నాడు. నీళ్ళు చల్లగానే ఉన్నాయి. తల ఎత్తి చూస్తే ఫ్లెక్సీ. అందులో నువ్వు, నీ చేతిలో పువ్వు బొమ్మ కప్పు. "నిరాడంబరతకు నిలువుటద్దం" అని రాయించారు. అదే ఫోటో! పక్కనున్న నన్ను కత్తిరించారు గాని సరిగ్గా కత్తిరించలేదు. నా మోచెయ్యి మిగిలిపోయింది. వెళ్ళి చూడు, ఎడమ అంచున ఉంటుంది.

సెలవులకు ఇంటికి వచ్చాను. ఇక్కడ జరిగింది వరుసగా చెప్తాను, ఎందుకంటే నీ ఉత్తరంలో ఏసుబాబు గారికి రాశావో లేదో ఎక్కడా లేదు. మూడుసార్లు వెతికాను.

ఈ నెల మొదటి ఆదివారం మా గుడిలో బల్ల ఆరాధన. రొట్టె, ద్రాక్షారసం పంచుతూ వస్తున్న సంఘ పెద్ద వెంకన్న గారు అమ్మకు ఇచ్చాడు, నాయనకు ఇచ్చాడు, నా ముందు నుంచి పక్కకు తిరిగి వెళ్ళిపోయాడు. అంతమందిలో. అమ్మ నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది.

ఆరాధన అయ్యాక కూర్చోబెట్టారు. మిర్యాలగూడ నుంచి ఏసుబాబు గారు వచ్చారు. ఫోన్ తీసి నా ముందు పెట్టారు.

"ఇది నువ్వేనా బిడ్డా?"

"నేనేనండి."

"చేతుల ఏంది?"

"యాపిల్ సోడా."

వెంకన్న గారు నవ్వాడు. "సోడాకు గంత నురుగు వస్తదా? మేం సోడా తాగలేదా ఏంది?"

"మరి కండ్లెందుకు మూసినవ్?" అన్నారు ఏసుబాబు గారు.

"ప్రార్థన చేసుకున్న."

"బార్ల ప్రార్థనా?"

"తినేముందు ఏడున్నా ప్రార్థన చేయాలని మీరే సెప్పిన్రు గద, సండే స్కూల్ల."

తర్వాత వెంకన్న గారు ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి, నీ మొహం దగ్గర ఆపి ఒక మాట అన్నాడు. అది నీకు చెప్పకుండా ఉండలేను.

"గీ పక్కన కూసున్న పిల్లను సూడు. ఎంత మంచిగ కాఫీ తాగుతున్నది. పద్ధతంటే గట్లుండాలె. గా పిల్లను సూసన్న నేర్సుకోవద్దా?"

నేను నిన్ను చూసి నేర్చుకోవాలట. నవ్వాలో ఏడవాలో తెలియక దగ్గాను. దగ్గితే, "సూడు, ఇంకా దిగలే" అని వెనుకనుంచి ఎవరో అన్నారు.

నాయన అక్కడే గోడకు ఆనుకొని నిలబడ్డాడు. మా నాయన జంగయ్య సాయంత్రమైతే కల్లు తాగే మనిషే. ఆ గదిలో కూర్చున్న సగం మంది ఆయనతో పాటు అదే చెట్ల కింద కూర్చునేవాళ్ళే. వాళ్ళ ఫోటో ఎవరూ తీయరు. తీసినా ఎవరూ పెద్దది చేసి చూడరు. నాయన ఒక్క మాటే అన్నాడు: "నా బిడ్డ అబద్ధం ఆడదు అయ్యా." ఏసుబాబు గారు ఆయన వైపు చూడకుండానే, "జంగయ్యా, నీకు తెల్వదు, నువ్వూకో. ఆ హోటల్ ఓనరునే అడిగినం" అన్నారు.

ఇక్కడ ఆగాను సుకన్యా. ఓనరును అడిగారట. ఆయన ఏమన్నారని నేను అడిగితే, "అదంతా నీకెందుకు" అన్నారు. మీ మామయ్యతో ఫోన్ చేయిస్తానని నువ్వు రాశావు. అప్పటికే ఆ ఫోన్ అయిపోయిందా? అయితే ఏం మాట్లాడారో నీకు తెలుసా?

తీర్పు ఇది. వచ్చే నెల బల్ల ఆరాధన లోపల నేను సంఘం ముందు నిలబడి "తాగాను, క్షమించండి" అనాలి. అంటే ఆర్డర్ ఇస్తారు. అనకపోతే వేరే అమ్మాయిని చూసుకుంటారు. నువ్వు చెప్పినట్టే వాళ్ళకు కావాల్సింది ఒక్క మాట.

అమ్మ కూడా అదే అంటుంది. "ఒక్క మాటనే గద బిడ్డా. నోటితోని అంటే ఏం పోతది? నేను పటేల్ల పొలంల ఎన్ని పడలే?" అమ్మ పడింది. అమ్మ పడింది కాబట్టే నన్ను చదివించింది. చదివి కూడా అదే మాట అనాలంటే ఈ పుస్తకాలన్నీ ఎందుకు మోశానో నాకు అర్థం కాదు. పైగా రేపు ఆ హాస్టల్లో అరవై మంది ఆడపిల్లలు. వాళ్ళలో ఒకతె చేయని తప్పుకు నిలబడితే, "ఒప్పుకో, పనైపోతుంది" అని చెప్పే వార్డెన్‌ను అవుతానా?

రెండు ముక్కలు సుకన్యా. వాళ్ళు నన్ను నమ్మరు, నిన్ను నమ్ముతారు. నీ చేతిలో కాఫీ ఉంది.

దీవెన

*

కోదాడ,
మే 22

దీవెనా,

మోచెయ్యి చూశాను. రోజూ చూస్తూనే ఉన్నాను. మా ఇంటి ముందు కూడా అదే ఫ్లెక్సీ కట్టారు.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఏసుబాబు గారు ఏప్రిల్‌లోనే ఫోన్ చేశారు. నీ మొదటి ఉత్తరం నాకు అందకముందే. మామయ్య హాల్లో కూర్చొని స్పీకర్ పెట్టి మాట్లాడారు. "ఆ అమ్మాయి తీసుకుందండీ, వాళ్ళ ఇళ్ళల్లో అలవాటే కదా. మా కోడలు మొహమాటానికి పక్కన కూర్చొని కాఫీ తాగింది" అన్నారు. అని నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఫోన్‌లో తల ఊపితే కనపడదు, అయినా ఊపాను. అప్పటికే పెద్దవూర నుంచి మా పెద్దనాన్నలు అడుగుతున్నారు, ఆ బీరు గ్లాసు ఎవరిదని. ఎవరిదో ఒకరిది కావాలి కదా.

నిన్ను అంత మాట అంటుంటే ఎందుకు ఊరుకున్నావని అంటావు. నీకు మా ఇల్లు తెలియదు. మా అత్త ఈశ్వరమ్మ గారికి సాయంత్రం ఒళ్ళు నొప్పులు వస్తాయి. ఆవిడ కూడా కాఫీ తాగుతుంది. ఒకరోజు నేను నోరుజారి "అత్తయ్యా, మీ బీరు చల్లదనం పోతోంది" అంటే చెంప మీద కొట్టినట్టు చూసింది. "కప్పులో పోసుకున్నాక అది కాఫీయేనమ్మా. గ్లాసులో పోసుకునేవాళ్ళది బీరు" అంది. ఈ ఇంట్లో ఏం తాగారన్నది లెక్క కాదు దీవీ, దేంట్లో తాగారన్నదే. నేను నీ గ్లాసులో ఉన్నది సోడా అని రాస్తే, మామయ్య అబద్ధం ఆడారని రాసినట్టు. ఆ తర్వాత నా కప్పులో ఏముందని ఎవరైనా అడుగుతారు.

నీకు పోయేది ఒక ఉద్యోగం. నువ్వు తెలివైనదానివి, ఇంకోటి వస్తుంది. నేను ఇక్కడినుంచి ఎక్కడికి పోను?

మా స్కూల్లో, అంటే మామయ్య వాటా ఉన్న స్కూల్లో, సోషల్ టీచర్ పోస్టు ఖాళీగా ఉంది. అడిగాను. "ఆ అమ్మాయా? సరే, పాపం, ఇద్దాం" అన్నారు. పాపం అన్నారు, అంటే మంచి మనసుతోనే అన్నారు. వస్తానంటే చెప్పు.

మంగమ్మ షాపుకు ఇక రాయకు. కావ్య కూడా అక్కడే కుట్టించుకుంటోంది.

సుకన్య

రాసి కవరు అంటించాక మళ్ళీ విప్పాను. ప్రార్థన అని నాకు తెలుసు. నువ్వు కళ్ళు మూసుకున్నప్పుడు నీ పెదవులు కదిలాయి. నా పేరు కూడా వచ్చింది. విన్నాను.

*

మిర్యాలగూడ,
జూన్ 8

సుకన్యా,

రాయవద్దన్నా రాస్తున్నాను. ఈ కవరు మీద మంగమ్మ పేరే రాశాను, నీ పేరు ఎక్కడా రాయలేదు. పదో తారీఖుకు చేరుతుంది.

చివర్లో నువ్వు రాసిన మాటలు చదివాక నీ మీద కోపం సగమే మిగిలింది. మిగతా సగం ఉంచుకుంటాను, అవసరం పడుతుంది. మీ మామయ్య స్కూల్లో ఉద్యోగం వద్దు. పాపం అన్నందుకు థాంక్స్ చెప్పు.

మళ్ళీ ఏసుబాబు గారి దగ్గరికి వెళ్ళాను. నిలబడి క్షమాపణ అడగనని చెప్పాను. "అయితే ఖతం" అన్నారు. "ఖతం చేసేముందు ఒకసారి ఆ లాంజ్‌కు వచ్చి చూడండి. నురుగొచ్చే సోడా ఉందో లేదో మీ కళ్ళతోనే చూడండి" అన్నాను. ఆయన చాలాసేపు వద్దన్నారు. వెంకన్న గారే, "పోయి సూస్తే పాయె, మనం ఏమన్న తాగవోతున్నమా?" అన్నాడు. ఆయన మొహంలో కొంచెం హుషారు కూడా కనిపించింది. చివరికి ఏసుబాబు గారు, వెంకన్న గారు, నాయన, నేను బస్సెక్కి సూర్యాపేట వెళ్ళాం.

సాయంత్రం వేళ. లోపల జనం ఉన్నారు. ఏసుబాబు గారు గుమ్మంలోనే ఆగి రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "అమ్మా, గీ హాల్ల కూసుంటే ఎవరన్న సూస్తరు. లోపల చాటుగ ఏమన్న ఉంటదా?" అన్నారు. అంజన్న నన్ను గుర్తుపట్టాడు. చిన్న మేడం ఫ్రెండ్ వచ్చిందని పరుగున వచ్చాడు. నాతో పాటు తెల్ల చొక్కాల పెద్దమనుషులను చూసి మీ మామయ్య గెస్టులనుకున్నాడు. తీసుకెళ్ళి ఎక్కడ కూర్చోబెట్టాడో ఊహించు. అదే క్యాబిన్. కర్టెన్ కూడా వేశాడు.

"స్టఫ్ ఏం తెమ్మంటరు సార్?"

"స్టఫ్ అంటే?" అన్నారు ఏసుబాబు గారు.

నేను చెప్పాను, గడగడా. పల్లీ మసాలా, అపోలో ఫిష్. నీ దగ్గర నేర్చుకున్నదే. నాకు యాపిల్ సోడా చెప్పాను.

"మాకు అవేం వద్దు. మాకు కాఫీ తే బాబూ. మూడు కాఫీలు" అన్నారు ఏసుబాబు గారు, గట్టిగా, పక్క క్యాబిన్‌లో ఎవరైనా ఉంటే వాళ్ళకు కూడా వినపడేలా.

"అయ్యా, కాఫీ వద్దు, ఇక్కడ కాఫీ అంటే..." అన్నాను.

"నువ్వూకో బిడ్డా, పెద్దోళ్ళం మాట్లాడుతున్నం" అన్నాడు వెంకన్న గారు.

ఊకున్నాను. చిన్నప్పటి నుంచి నేర్పించిన మాట కదా.

పువ్వు బొమ్మ కప్పులు మూడు వచ్చాయి, సాసర్ల మీద. నా గాజు గ్లాసు వచ్చింది, నాలుగు వేళ్ళ నురగతో. ఏసుబాబు గారు ముందు నా గ్లాసు తీసుకొని వాసన చూశారు. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నారు. "తియ్యగున్నది. సోడానే" అన్నారు, కొంచెం నిరాశగా. గ్లాసు నాకు తిరిగి ఇచ్చారు.

నాయన తన కప్పు ఎత్తి ఒక గుక్క తాగాడు. నా వైపు చూశాడు. కప్పులోకి చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. "కాఫీ మంచిగున్నది బిడ్డా" అన్నాడు.

నేను గ్లాసు పట్టుకొని కళ్ళు మూసుకున్నాను. ఆ రోజులాగే. వాళ్ళు చూడాలని కాదు, ఆకలిగా ఉంది. కొంచెం ఎక్కువసేపే ప్రార్థించాను, చెప్పుకోవాల్సినవి ఎక్కువ ఉన్నాయి. కళ్ళు తెరిచేసరికి ఏసుబాబు గారి మీసాల మీద నురగ ఉంది. వెంకన్న గారి కప్పు ఖాళీ.

"గిదేం కాఫీ? సల్లగున్నది" అన్నాడు వెంకన్న గారు. కోపంగా అనలేదు.

కర్టెన్ పక్కనుంచి అంజన్న తల పెట్టాడు. "ఓనరోళ్ళ స్పెషల్ కాఫీ సార్. పెద్ద మేడమూ, చిన్న మేడమూ గిదే తాగుతరు. మొన్న గీ మేడంతోని వచ్చినప్పుడు చిన్న మేడంకు ఇచ్చింది గిదే. ఇంకో రౌండ్ తేనా?"

ఏసుబాబు గారు ఫోన్ తీశారు. ఆ ఫోటో తెరిచారు. నీ కప్పు చూశారు, తన ముందున్న కప్పు చూశారు. నా మూసిన కళ్ళు చూశారు. మీసం తుడుచుకున్నారు. నాయన మాత్రం పల్లీలు ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటూ, "రెండోది వద్దులే బాబూ, అయ్యగార్లకు బస్సుకు టైమైతది" అన్నాడు.

బస్టాండ్ దాకా నడుస్తూ ఏసుబాబు గారు నా పక్కకు వచ్చారు. "ఆర్డరు రేపు తీసుకో బిడ్డా. జరిగిందంతా ఈడనే ఖతం. సంఘంల ఎవరికీ సెప్పకు."

"అంతమందిలో నన్ను బల్ల దగ్గర దాటేసి పోయిన్రు. అంతమందిలోనే సోడా అని సెప్పండి" అన్నాను.

"ఎట్ల సెప్తం? నీకెట్ల తెలుసని అడిగితే ఏం సెప్పాలె?"

నాకు జాలి వేసింది. మీ ఇంట్లో నీకు వచ్చిన కష్టమే ఆయనకూ వచ్చింది. కప్పులో తాగిన వాళ్ళందరిదీ ఒకటే కష్టం.

నిన్నటి ఆదివారం బల్ల ఆరాధనలో వెంకన్న గారు నా ముందుకు వచ్చి ఆగాడు. రొట్టె ఇచ్చాడు. అందరికంటే పెద్ద ముక్క ఇచ్చాడు. ఒక్క మాట అనలేదు. జనమేమో నేను ఎక్కడో రహస్యంగా క్షమాపణ అడిగి ఉంటాననుకుంటున్నారు. అమ్మ పక్కన కూర్చున్న ఆమె, "పోనీలే, మారింది" అని అమ్మ చెయ్యి నొక్కిందట.

మారలేదు సుకన్యా. అదే నాకు మింగుడు పడనిది. ఉద్యోగం వచ్చింది. వార్డెన్ గదిలో కూర్చొని ఇది రాస్తున్నాను. చిన్నప్పుడు ఈ గది తలుపు తట్టాలంటే వణికేదాన్ని. ఇప్పుడు తలుపు లోపలివైపు నేనున్నాను, నాలాంటి పిల్లలు బయటినుంచి తడుతున్నారు. కానీ వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఆ ఫోటో చేరింది. నిన్న ఒక పాప తల్లి బిడ్డను దింపుతూ నన్ను కిందికీ మీదికీ చూసి, పాప చెవిలో ఏదో చెప్పింది.

పదిహేనో తారీఖున ఇక్కడ కొత్త ఫ్యాన్ల ప్రారంభోత్సవం. ఫ్యాన్లు ఇచ్చేది మీ మామయ్య. శాలువా కప్పించుకునేది నువ్వు. ఆహ్వానం మీద మీ ఇద్దరి పేర్లు చూశాను. పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ, మా సంఘం వాళ్ళూ అందరూ ఉంటారు. వార్డెన్ హోదాలో స్వాగతం చెప్పేది నేను. ఆ రోజు నా గ్లాసులో ఏముందో మైకులో చెప్తాను. నేను కళ్ళు ఎందుకు మూసుకున్నానో కూడా చెప్తాను. ఏసుబాబు గారికి ముందే చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు గాని కాదనలేదు. ఎలా కాదంటారు?

నీ కప్పు సంగతి నేను చెప్పను. అది నీది. కానీ నా గ్లాసు సంగతి నాకంటే ముందు నువ్వే చెప్తే నాకు బాగుంటుంది. "నేను పక్కనే ఉన్నాను, అది సోడా" అని ఏప్రిల్‌లో అడిగిన రెండు ముక్కలే, ఇప్పుడు కాగితం మీద కాకుండా నోటితో. మీ మామయ్య పక్కనే ఉంటారని నాకు తెలుసు. అది చిన్న విషయం కాదని కూడా తెలుసు. చేస్తానంటే నా కంటే ముందు నీ పేరు పిలుస్తాను.

మాట్లాడినా మాట్లాడకపోయినా స్టేజీ మీద అతిథులకు కాఫీ ఇస్తాం. ఇక్కడ కాఫీ అంటే కాఫీయే, నీకు అలవాటు తప్పి ఉంటుంది, ముందే చెప్తున్నాను. కప్పులు తక్కువున్నాయి, గాజు గ్లాసులు చాలా ఉన్నాయి. నీకు దేంట్లో పొయ్యమంటావో, నీ పేరు ముందు పిలవమంటావో లేదో, పదమూడో తారీఖు లోపల నాకు రాయి.

దీవెన